తెర కెక్కరాని బందిపోటు

గడచిన సంచికలో, 1933 మార్చి నెలయందు రూజ్‌వెల్టు అధ్యక్షపదవిని స్వీకరించిన రెండు దినములకే అమెరికాలోని బ్యాంకులన్నింటిని తాత్కాలికముగా మూయించిన ఉదంతమును వివరించితిమి. 1930 మొదలు ఆ నాటివరకు సుమారు 9,000 బ్యాంకులు కూలిపోయెను. వానిలో సొమ్ము దాచుకొనిన రైతులును, చిల్లర వర్తకులును, ముసలితనమునకై కూడబెట్టుకొనిన కార్మికులును, పాసుపుస్తకములను చేతబట్టుకొని, మూసిన తలుపుల యెదుట నిలిచి, ఎవరి నడుగవలెనో తెలియక తిరిగిపోయిరి. రైతు బాకీ తీర్చలేని యెడల బ్యాంకు అతని పొలమును వేలము వేయింపగలిగెను. బ్యాంకు రైతు సొమ్మును తిరిగి ఈయలేని యెడల దానిని వేలము వేయించు దిక్కు రైతునకు లేకపోయెను. పనిచేయగలవారిలో నలుగురి కొకరు పనిలేక యుండిన ఆ సంవత్సరమందు, బ్యాంకు అనునది సామాన్యుని కంటికి తన సొమ్మును మ్రింగిన సంస్థగా కనిపించెననిన ఆశ్చర్యపడ నవసరము లేదు. ఇట్టి మనఃస్థితిలోనున్న జనుల నడుమకు, 1933 మే నెలలో జైలునుండి విడుదలయై వచ్చి, 1934 జూలై నెలలో షికాగో నగర వీథిలో నేలకొరగిన జాన్ డిలింజరు కథయే ఈ సంచికకు విషయము. అతని దోపిడులను మాత్రమే వర్ణించుట నా యుద్దేశము కాదు. అతని చుట్టును చలనచిత్రము అల్లుకొనిన తీరును, ఆ అల్లికలో ఏది నిలిచినదో, ఏది జారిపోయినదో పరిశీలింపదలచితిని.

1903 జూన్ 22న ఇండియానాపొలిస్ నగరమున ఒక పచారీ వర్తకుని ఇంట డిలింజరు జన్మించెను. నాలుగేండ్లు నిండకమునుపే తల్లి గతించెను. కొంత కాలమునకు తండ్రి కాపురమును మూర్స్‌విల్ అను చిన్న యూరికి మార్చెను. కుఱ్ఱవాడు నౌకాదళమున చేరి, కొలది మాసములకే పారిపోయి వచ్చి, పెండ్లి చేసికొని, ఏ పనియందును నిలుకడ లేక తిరుగుచు, 1924 సెప్టెంబరులో ఒక తోడుదొంగతో కలసి తన యూరి వృద్ధ వర్తకుని తలపై మోది దోచుకొన యత్నించి పట్టువడెను. నేరము నొప్పుకొనినచో న్యాయస్థానము కనికరించునని తండ్రి నమ్మి, న్యాయవాదిని సైతము పెట్టక, కొడుకుచే తప్పు నొప్పించెను. న్యాయమూర్తి విధించిన శిక్ష 10 మొదలు 20 సంవత్సరములు! న్యాయవాదిని పెట్టుకొని నేరమును కాదనిన తోడుదొంగ అంతకంటె ఎంతయో తక్కువ శిక్షతో బయటపడెను. డిలింజరునకు జరిగిన ఈ అన్యాయము, అతడు తరువాత చేసిన పనులకు సమర్థన కాజాలదు; కాని ఇరువదియొక యేండ్ల యువకుడు తొమ్మిదేండ్లపాటు ఎవరి నడుమ పెరిగెనో తెలియనిదే ఆ పనులు అర్థము కావు.

మిచిగన్ సిటీ యందలి ఇండియానా రాష్ట్రకారాగారము అతనికి విద్యాపీఠ మయ్యెను. అచ్చట హారీ పియర్పాంటు, చార్లెస్ మాక్లీ, జాన్ హామిల్టన్, రస్సెల్ క్లార్కు, హోమర్ వాన్ మీటర్ మొదలగు ఆరితేరిన దొంగలు ఉండిరి. వీరిలో కలసిన వాల్టర్ డీట్రిచ్ అనువాడు హెర్మన్ లామ్ అను జర్మను దొంగ ముఠాలో పనిచేసినవాడు. లామ్ పద్ధతి అంతకుముందటి దోపిడుల కంటె పూర్తిగా వేరు. దోచదలచిన బ్యాంకును ముందుగా పోయి చూచుట, ఇనుపపెట్టె యెచ్చట, గుమాస్తా యెచ్చట, కావలివా డెచ్చట అని పటము గీయుట, లోపల గడుపవలసిన నిమిషములను గడియారముతో లెక్కించి, కాలము ముగియగానే ఎంత సొమ్ము మిగిలియున్నను విడిచి వెలుపలికి వచ్చుట, పారిపోవు దారులను మైళ్లతో మలుపులతో సహా వ్రాసియుంచుకొనుట దానిలోని అంగములు. సైనికుని క్రమశిక్షణను దొంగతనమునకు అన్వయించిన ఈ విద్య నంతయు డిలింజరు శ్రద్ధగా నేర్చుకొనెను.

1933 మేలో, మూర్స్‌విల్ వాసులెందరో సంతకములు చేసిన అర్జీ ఫలితముగా, అతడు షరతులపై విడుదలయ్యెను. సవతితల్లిని కడసారి చూచుటకై బయలుదేరి, ఆమె ప్రాణము పోయిన తరువాత ఇల్లు చేరెను. అది మొదలు అతడు చేసిన దోపిడులకు తొలి లక్ష్యము జైలులోని మిత్రులకు తుపాకులు చేరవేయుట. జైలు కర్మాగారమునకు వచ్చు దారపు పెట్టెలో ఆయుధములను దాచి పంపెను. సెప్టెంబరు 26న పదిమంది ఖైదీలు తప్పించుకొనిరి. అంతకు నాలుగు దినముల ముందే డిలింజరు డేటన్ నగరమున పట్టువడియుండెను. తప్పించుకొనిన వారు ఋణము తీర్చుకొనుటకై అక్టోబరు 12న ఒహాయోలోని లైమా జైలుపై పడి అతనిని విడిపించిరి. ఆ ప్రయత్నములో షెరీఫ్ జెస్ సార్బర్ తన భార్య కన్నులయెదుటనే ప్రాణములు కోల్పోయెను. పోలీసు ఠాణాలనే దోచి మరతుపాకులను, తూటాలు దూరని చొక్కాలను సంపాదించి, ముఠా గ్రీన్‌కాసిల్, రసీన్ పట్టణముల బ్యాంకులపై పడెను. 1934 జనవరి 15న ఈస్ట్ షికాగోలో జరిగిన దోపిడిలో విలియమ్ ప్యాట్రిక్ ఓమాలీ అను పోలీసు ఉద్యోగి హతుడయ్యెను. ఆ హత్యానేరము డిలింజరుపై మోపబడెను. విచారణ జరుగకమునుపే అతడు మరణించుటచే తీర్పు వెలువడలేదు. ఓమాలీకి భార్యాబిడ్డలు కలరు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను, ఏలనన చలనచిత్రములు దీనిని గుర్తుంచుకొనలేదు.

ఇచ్చట న్యాయశాస్త్రమునకు సంబంధించిన ఒక చిక్కును విప్పవలసియున్నది. ఆనాడు బ్యాంకును దోచుట ఆయా రాష్ట్రముల చట్టమునకు లోబడిన నేరమే గాని కేంద్రప్రభుత్వపు టధికారములోనిది కాదు. ఇండియానా పోలీసులు రాష్ట్రపు సరిహద్దు వరకే తరుమగలరు; అది దాటినచో వారి అధికార మంతరించును. బలమైన యంత్రముగల కొత్త ఫోర్డు కారు కలవానికి ఆ సరిహద్దు అరగంట ప్రయాణము. జె. ఎడ్గార్ హూవర్ నాయకత్వమున వాషింగ్టనులో నున్న దర్యాప్తు శాఖకు (దానికి ఎఫ్.బి.ఐ. అను పేరు 1935లోగాని రాలేదు) డిలింజరును పట్టుటకు సూటియైన హక్కు లేకుండెను. ఆ హక్కును స్వయముగా డిలింజరే కల్పించెను. ఎట్లనగా:

1934 జనవరి నెలాఖరున అరిజోనాలోని టూసాన్ నగరమున ముఠా దిగియున్న హోటలులో మంటలు చెలరేగుటచే వారి గుట్టు బయటపడి, అక్కడ నున్న వారందరును పట్టువడిరి. డిలింజరును విమానమున తెచ్చి, ఓమాలీ హత్య విషయమున విచారణకై, ఇండియానాలోని క్రౌన్ పాయింటు జైలులో నుంచిరి. ఆ జైలు అధికారిణి లిలియన్ హోలీ అను షెరీఫ్. బందీని తెచ్చిన రాత్రి పత్రికాచిత్రకారులు, వార్తాచిత్రములు తీయువారు అక్కడ గుమిగూడిరి. వారి కోరికపై ప్రభుత్వ న్యాయవాది రాబర్ట్ ఎస్టిల్ బందీ ప్రక్కన నిలిచెను. డిలింజరు చిరునవ్వుతో తన మోచేతిని న్యాయవాది భుజముపై ఆనించెను. తనకు మరణశిక్ష కోరవలసిన న్యాయవాదిని చిరకాల మిత్రుని వలె చూపు ఆ ఛాయాచిత్రము దేశమంతట అచ్చయ్యెను. ఎస్టిల్ రాజకీయజీవితము దానితో అంతమయ్యెను. నా దృష్టిలో డిలింజరు కథలో నిజమైన మలుపు ఈ ఛాయాచిత్రమే. అంతవరకు అతడు పోలీసుల పట్టికలోని ఒక దొంగ; ఆ రాత్రినుండి అతడు ముఖముగలవాడు, నవ్వుగలవాడు, జనము గుర్తుపట్టగల పాత్ర.

మార్చి 3న ఆ పాత్ర కొత్త అంకమును ఆడెను. కొయ్యతో చెక్కిన బొమ్మ పిస్తోలును చూపి జైలు కావలివారిని బెదరించి, వారి తుపాకులను తీసికొని, లిలియన్ హోలీ కారునే యెక్కి ఇల్లినాయ్ రాష్ట్రమునకు పారిపోయెను. కాని దొంగిలించిన కారును ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు తీసికొనిపోవుట 1919 నాటి చట్టముచే కేంద్రప్రభుత్వపు నేరము. బ్యాంకులు దోచినపుడును, పోలీసు మరణించినపుడును వాషింగ్టనుకు లభింపని అధికారము ఒక కారు సరిహద్దు దాటుటతో లభించెను! ఆ సంవత్సరము మే, జూన్ నెలలలో చట్టసభ జాతీయ బ్యాంకుల దోపిడిని కేంద్రనేరముగా చేసి, హూవర్ ఉద్యోగులకు ఆయుధములు ధరించుటకును నిర్బంధించుటకును హక్కునిచ్చెను. అమెరికాలో నేటి కేంద్ర పోలీసు వ్యవస్థ బలపడిన చరిత్రలో ఈ మాసములకు గొప్ప స్థానము కలదు.

బొమ్మ పిస్తోలు కథ ప్రచురమైనంతనే సినిమాహాళ్లలో వార్తాచిత్రములందు డిలింజరు ముఖము కనిపించినపుడు జనము చప్పట్లు కొట్టిరి. అతడు బీదల సొమ్ము ముట్టడని, బ్యాంకుల సొమ్మే దోచునని కథలు పుట్టెను. హాలీవుడ్ నిర్మాతలకు ఇంతకంటె సిద్ధముగానున్న కథ వేరొకటి యుండునా? 1931లో లిటిల్ సీజర్, పబ్లిక్ ఎనిమీ, 1932లో స్కార్‌ఫేస్ చిత్రములు ముఠానాయకుల కథలతోనే ధనరాసులు తెచ్చినవి. అట్టి తరుణమున, మార్చి నెల ముగియక మునుపే, అమెరికా చిత్రనిర్మాతల సంఘాధిపతి విల్ హేస్ అడ్డు తగిలెను. హార్డింగు అధ్యక్షుని కాలమున పోస్టుమాస్టరు జనరలుగా పనిచేసిన ఈయన కూడ ఇండియానావాడే. సంఘమున చేరిన ఏ సంస్థయు డిలింజరు జీవితమును గాని సాహసములను గాని చిత్రముగా నిర్మింపరాదని, పంపిణీ చేయరాదని, ప్రదర్శింపరాదని, తన కార్యాలయమున నిబంధనావళిని చూచు జోసెఫ్ బ్రీన్‌కు ఆయన ఆజ్ఞ పంపెను. క్యాథలిక్ మతగురువులు చలనచిత్రములపై బహిష్కారోద్యమమును నడుపుచుండిన కాలమది. 1930 నుండి కాగితముపైనే యున్న నిబంధనావళి 1934 జూలై నెలనుండి కఠినముగా అమలుకు వచ్చెను. ముఠానాయకుని వీరుని చేయుదురను హేస్ భయము నిష్కారణ మైనది కాదని నే నంగీకరింతును. చప్పట్లు కొట్టినవారికి ఓమాలీ ఇల్లు కనిపించియుండదు.

ఏప్రిల్ 22న విస్కాన్సిన్ అరణ్యములో డిలింజరు కొత్త ముఠాతో దిగియున్న లిటిల్ బొహీమియా అను విడిదిని హూవర్ మనుష్యులు రాత్రివేళ ముట్టడించి, భోజనము చేసి కారెక్కి పోవుచున్న ముగ్గురు నిరపరాధులను దొంగలనుకొని కాల్చిరి. వారిలో నొకడు మరణించెను, ఇరువురు గాయపడిరి. దొంగలందరును వెనుకవైపున సరస్సు గట్టు వెంబడి జారిపోయిరి. ఆ ముఠాలోని బేబీ ఫేస్ నెల్సన్ అనువాని కాల్పులలో కార్టర్ బామ్ అను ఏజెంటు హతుడయ్యెను. ఇట్లు అవమానము పాలైన శాఖను కాపాడుటకు హూవర్ సామ్యూల్ కౌలీ అను నెమ్మదియైన ఉద్యోగిని షికాగోకు పంపి, డిలింజరు వేట నాతని చేతిలో పెట్టెను. అంతకుముందు ఆ పనిలో నుండిన షికాగో శాఖాధికారి మెల్విన్ పర్విసు సహచరుడుగా మిగిలెను. జూలై నెలలో, దేశమునుండి వెళ్లగొట్టబడు ప్రమాదములోనున్న అనా కంపనాష్ అను రుమేనియా స్త్రీ కబురుతెచ్చెను: ఆదివారము రాత్రి డిలింజరు తనతోను, తన స్నేహితురాలితోను సినిమాకు వచ్చునని. ఏ హాలునకో ఆమెకు నిశ్చయముగా తెలియనందున రెండింటివద్ద కాపలా పెట్టిరి. ఎండలు మనుష్యులను చంపుచుండిన ఆ వారమున, చల్లని గాలి యంత్రములుగల బయోగ్రాఫ్ హాలులో మన్హాటన్ మెలోడ్రామా ఆడుచుండెను. క్లార్క్ గేబుల్ ముఠానాయకుడు. విలియమ్ పవెల్ అతని బాల్యమిత్రుడైన గవర్నరు. క్షమాభిక్షను కాదని గేబుల్ మరణశిక్షకు నడచిపోవును. జూలై 22 రాత్రి పదిన్నర ప్రాంతమున హాలు వెలుపల పర్విసు చుట్ట వెలిగించి సంజ్ఞ చేసెను. డిలింజరు ప్రక్క సందులోనికి పరుగెత్తబోయి కాల్పులకు కూలెను; దారిన పోవు స్త్రీలిరువురు గాయపడిరి. జనము చేతిరుమాళ్లను ఆ నెత్తుట ముంచుకొనిరి. కబురుతెచ్చిన స్త్రీ ఆ రాత్రి ధరించినది నారింజరంగు లంగా. హాలు దీపముల వెలుగున అది ఎఱ్ఱగా కనిపించుటచే "ఎఱ్ఱదుస్తుల స్త్రీ" అను పేరు స్థిరపడెను. ఆమెకు సాయపడుదుమని ఇచ్చిన మాట నిలువలేదు. 1936లో ఆమెను రుమేనియాకు పంపివేసిరి.

మనుష్యుడు పోయినను హేస్ ఆజ్ఞ నిలిచెను. అయినను నీరు పల్లమెరిగినట్లు కథ దారి వెదకుకొనెను. 1935లో వార్నరు సంస్థ జీ-మెన్ అను చిత్రమున, పబ్లిక్ ఎనిమీలో దొంగగా నటించిన జేమ్స్ కాగ్నీని కేంద్ర ఏజెంటుగా చూపెను. అరణ్యపు విడిదియొద్ద కాల్పుల ఘట్టము అందున్నది. డిలింజరు పేరు లేదు. అదే కాలమున హంఫ్రీ బోగార్టు పెట్రిఫైడ్ ఫారెస్టు నాటకమునను, 1936 చిత్రమునను డ్యూక్ మాంటీ అను బందిపోటుగా కనిపించెను. అతని ముఖమునకు డిలింజరు పోలిక యుండుటయే ఆ పాత్ర లభించుటకు ఒక కారణము. ఇట్లు పేరు పలుకక ముఖమును, ముఖము చూపక సంఘటనలను వాడుకొనుచు పదకొండేండ్లు గడచెను.

1945లో ఆ పేరును తెరపై వ్రాసిన సాహసము పెద్ద సంస్థలది కాదు. చవుకచిత్రములు తీయు మోనోగ్రామ్ సంస్థది. నిర్మాతలు కింగ్ సోదరులు, దర్శకుడు మాక్స్ నోసెక్, రచయిత ఫిలిప్ యోర్డన్, సంగీతము దిమిత్రీ తియోంకిన్. నాయకపాత్ర అంతవరకు పేరెరుగని లారెన్స్ టియర్నీకి దక్కెను. సంస్థ పేదరికము ఎట్టిదనగా, ఒక దోపిడి ఘట్టమునకు ఫ్రిట్జ్ లాంగ్ 1937లో తీసిన యూ ఓన్లీ లివ్ వన్స్ చిత్రమునుండి వర్షములో విషవాయువు గ్రమ్ముకొను దృశ్యమును తెచ్చి అతికించుకొనిరి. ఆ అతుకులు నేడును కంటికి తెలియును. అయినను చిత్రమునకు జనాదరణ లభించెను. యోర్డన్ రచన ఆస్కారు పోటీకి ఎన్నికయ్యెను. షికాగో నగరము మాత్రము దానిని కొంతకాలము నిషేధించెను.

చిత్రము ఒక సినిమాహాలులో ఆరంభమగును. వార్తాచిత్రము ముగిసిన పిదప డిలింజరు వృద్ధపిత వేదికపైకి వచ్చి ప్రేక్షకులతో తన కొడుకును గూర్చి మాట్లాడును. ఇది రచయిత ఊహ మాత్రమే కాదు; నిజజీవితమునను ఆ తండ్రి కొడుకు మరణానంతరము వేదికలపై జనమునకు కనిపించెను. అటుపిమ్మట కథ ఇట్లు నడచును. మద్యశాలలో తనతో నున్న స్త్రీకి మరల మద్యము తెప్పించుటకు చేతిలో డబ్బు లేక, చెక్కును సేవకుడు నిరాకరింపగా, డిలింజరు బయటికి వచ్చి పచారీ కొట్టును దోచును. దొరకిన సొమ్ము 7 డాలర్ల 20 సెంట్లు. చెఱలో స్పెక్స్ అను అనుభవశాలి అతనికి విద్య చెప్పును. విడుదలయై గురువునే మించును, తుదకు గురువునే చంపును. దంతవైద్యుని యింట పట్టువడి, కొయ్య పిస్తోలుతో తప్పించుకొని, సినిమాహాలు టిక్కెట్లమ్ము స్త్రీని ప్రేమించి, ఆమెయే ఎఱ్ఱదుస్తులు ధరించి అప్పగింపగా చచ్చును. శవము జేబులో మిగిలినది మరల 7 డాలర్ల 20 సెంట్లే.

టియర్నీ నటనను నేను మనసార మెచ్చుకొందును. అతని కన్నులలో కనికరము లేదు, తత్తరపాటు లేదు, మాటలు తక్కువ, ఎదుటివానిని చూచు చూపులోనే హింస యున్నది. చప్పట్లు కొట్టిన జనమునకు నచ్చిన నవ్వును ఆ చిత్రము మొదటి గడియలోనే తుడిచివేసెను. హేస్ కోరిన శిక్ష అట్లు నెరవేరినది. కాని అందుకై చిత్రము చెల్లించిన మూల్యము పెద్దది. 1924 నాటి తీర్పు అందులో లేదు. ముఠాలోని వారికందరికి కల్పిత నామములే. అన్నింటికంటె ముఖ్యముగా, బ్యాంకు అనునది ఆ చిత్రములో దోచుకొనుటకు నిలిచియున్న భవనము మాత్రమే. ఆ బ్యాంకు ఎందరి సొమ్ముతో కూలెనో, దొంగను చూచి జనమెందుకు హర్షించెనో చెప్పు దృశ్యమొకటియు లేదు. వాడు చెడ్డవాడుగా పుట్టెను, చెడ్డవాడుగా చచ్చెను అని చెప్పినచో కాలమునకు బాధ్యత తప్పిపోవును. దొంగను వీరుని చేసిన వార్తాచిత్రములును, దొంగను రాక్షసుని చేసిన ఈ చిత్రమును ఒకే విషయమును దాచినవి: పాసుపుస్తకము చేతబట్టుకొని నిలిచిన మనుష్యుని.

1973లో జాన్ మిలియస్ తీసిన చిత్రము ఆ కాలమును తిరిగి తెచ్చుటకు కొంత ప్రయత్నించెను. ఒక్లహోమా పల్లెలలో చిత్రీకరించుటచే ధూళిరేగు దారులు, వెలవెలబోవు పట్టణములు దానికి సహజముగా అమరినవి. వారెన్ ఓట్సు డిలింజరు పాత్రకు రూపమునందు మిక్కిలి సన్నిహితుడు. కాని 1934లో ముప్పదియేండ్ల యువకుడైన పర్విసు పాత్రను యేబది దాటిన బెన్ జాన్సనుకిచ్చి, ఒక్కొక్క దొంగ చచ్చినపుడు ఒక్కొక్క చుట్ట వెలిగించు వేటగానిగా తీర్చిరి. వేటగాడు, మృగము అను ఈ జంట కథాకథనమునకు అనుకూలమైనది గనుక తరువాతి వారికిని అదియే దారియయ్యెను.

2009లో మైకేల్ మాన్ తీసిన పబ్లిక్ ఎనిమీస్ చిత్రము బ్రయాన్ బరో రచించిన చరిత్రగ్రంథము ఆధారముగా వచ్చినది. క్రౌన్ పాయింటు జైలులోను, లిటిల్ బొహీమియా విడిదిలోను, బయోగ్రాఫ్ హాలు ముంగిటను, ఆయా స్థలములలోనే చిత్రీకరించిరి. బయోగ్రాఫ్ హాలులో డిలింజరు పాత్రధారి జానీ డెప్ కన్నుల యెదుట మన్హాటన్ మెలోడ్రామా దృశ్యములనే నడపిరి. స్థలముల విషయమున ఇంత నిష్ఠ చూపినవారు కాలక్రమమును చెదరగొట్టుట నాకు బాధ కలిగించును. ఆ కాలపు మరియొక బందిపోటు ప్రెటీ బాయ్ ఫ్లాయిడ్ మరణించినది 1934 అక్టోబరు 22న, అనగా డిలింజరు పోయిన మూడు మాసములకు. చిత్రములో అతడు ఆరంభముననే పర్విసు చేతిలో చచ్చును. నెల్సన్ చిత్రములో లిటిల్ బొహీమియా రాత్రియే చచ్చును. నిజమునకు అతడు నవంబరు 27న ఇల్లినాయ్‌లోని బారింగ్టన్ పట్టణపు దారిపై జరిగిన కాల్పులలో తగిలిన గాయములతో మరణించెను.

ఈ మార్పు కేవలము తేదీల గొడవ కాదు. బారింగ్టన్ దారిపై నెల్సనును ఎదిరించినవారిలో ఒకడు హెర్మన్ హాలిస్, బయోగ్రాఫ్ హాలు వెలుపల తుపాకి పేల్చిన ముగ్గురిలో నొకడు. నెల్సను నెదిరించిన రెండవవాడు సామ్యూల్ కౌలీ. హాలిస్ ఆ సాయంకాలమే పోయెను. కౌలీ మరునాటి తెల్లవారుజామున ఆసుపత్రిలో కన్నుమూసెను, వయస్సు 35, భార్యయు, ఇద్దరు చిన్న కుమారులును మిగిలిరి. డిలింజరు వేటకు నాయకత్వము వహించినది ఇతడు. తెరపై ఆ కీర్తి పర్విసునకు చెందినది. నెల్సనును ఏప్రిల్‌లోనే చంపివేసిన కథలో కౌలీ మరణమునకు చోటు మిగులదు.

(సశేషము)